జైరోప్లేను: అశ్వశక్తియు సమతూకమును

ఆకాశయానచరిత్ర వ్రాయువారు, విమానమునకును హెలికాప్టరునకును నడుమ జన్మించి, ఆ రెండు కులములలో దేనికిని పూర్తిగా చెందకున్నను హెలికాప్టరునకు తీరని ఋణమిచ్చిన జైరోప్లేనును ఒకటి రెండు వాక్యములతో దాటిపోవుట వాడుక. తలపై తిరుగు రోటరునకు ఎగురునప్పుడు ఇంజనుతో సంబంధము లేకుండుటయే ఈ యంత్రమునకు గల విశేషము. ఇంజను ప్రొపెల్లరును మాత్రము త్రిప్పి యంత్రమును ముందునకు నెట్టగా, ఒకింత వెనుకకు వాలియున్న రోటరు, తాటియాకు గిరగిరను పట్టుకొని పరుగెత్తు పిల్లవాని చేతిలో అది తిరిగినట్లు, క్రిందినుండి చొచ్చు గాలిచేతనే తిరుగుచు యంత్రమును మోయును. ఇంజను ఆగినను రోటరు ఆగదు. యంత్రము నెమ్మదిగా నేలకు దిగును.

స్పెయిన్ దేశమున ముర్సియాలో 1895లో జన్మించిన హువాన్ దె లా సియెర్వా, తాను నిర్మించిన మూడింజనుల విమానము 1919లో వేగము చాలక కూలిపోగా, వేగము తగ్గినను పడిపోని యంత్రమును చేయవలెనని సంకల్పించెను. తొలి యంత్రములు మూడును విఫలములయ్యెను. ముందునకు సాగు రోటరు రెక్కకు గాలి అధికముగాను వెనుకకు మరలు రెక్కకు అల్పముగాను తగులుటచే ఎత్తుడు బలము రెండు వైపుల సమముగా ఉండక, యంత్రము ఒక ప్రక్కకు ఒరిగి బోర్లపడుచుండెను. రెక్కల మొదళ్లలో కీళ్లమర్చి, అవి తమంతట తాము పైకి లేచి క్రిందికి వ్రాలునట్లు చేసి, ఆ అసమత్వమును రెక్కలకే వదలివేసిన నాల్గవ యంత్రము, 110 అశ్వశక్తిగల లె రోన్ ఇంజనుతో, 1923 జనవరిలో మాద్రిద్ సమీపమున హెతాఫే మైదానమునందు గోమెజ్ స్పెన్సర్ చేతిలో ఎగిరెను. ఆ నెల 31న కువాత్రో వియెంతోస్‌లో నాలుగు కిలోమీటర్ల దూరము చుట్టి తిరిగివచ్చెను. నేటి హెలికాప్టరులలో అనేకము ఆ కీలునే నమ్ముకొనియున్నవి.

పిదప ఈ యంత్రమునకు గొప్ప కాలము వచ్చెను. 1928 సెప్టెంబరులో సియెర్వా స్వయముగా ఇంగ్లీషు కాలువను దాటి లండను ప్రక్కనున్న క్రాయిడన్ నుండి పారిస్‌కు పోయెను. 1931 ఏప్రిల్‌లో అమీలియా ఎర్‌హార్ట్ అమెరికాలో పిట్‌కెర్న్ జైరోప్లేనుపై 18,415 అడుగుల ఎత్తునకు ఎక్కెను. ఆ పిట్‌కెర్న్ యంత్రమునకు 300 అశ్వశక్తిగల రైట్ ఇంజను ఉండినను దాని వేగము గంటకు సుమారు 190 కిలోమీటర్లు మాత్రమే. సియెర్వా తరువాత చేసిన సి.30, బరువున తేలికయగుటచే, 140 అశ్వశక్తితోనే 177 కిలోమీటర్లందుకొనెను. రోటరును చక్కదిద్దిన ఆ శిల్పి 1936 డిసెంబరులో క్రాయిడన్ వద్ద ఒక సాధారణ ప్రయాణికుల విమానము పొగమంచులో కూలగా మరణించెను. అటుపిమ్మట లోకము దృష్టి హెలికాప్టరుపై మరలెను.

ఇంజను మార్చి వేగము పెంచుకొందమను కోరిక జైరోప్లేను నడుపువారిని వదలని మోహము. గాలి యెదిరించు బలము వేగపు వర్గమును బట్టియు, దానిని జయించుటకు వలయు శక్తి వేగపు ఘనమును బట్టియు పెరుగును గనుక, అశ్వశక్తిని రెట్టింపు చేసినను వేగము మహా అయిన 1.26 రెట్లకు మించదు. అధికశక్తి వలన ముఖ్యముగా లభించునది ఎక్కుడు: చిన్న మైదానమునుండి త్వరగా లేచుటయు, ఇద్దరిని మోయుచు వేసవిగాలిలో పైకి పోవుటయు. ఇవి స్వల్పలాభములు కావు గాని, ఇంజను కొనువాడు మనసులో కొనునది సాధారణముగా వేగమే.

ఈ తర్కమును తన చేతలతో నిరూపించినవాడు బ్రిటిష్ వాయుసేనలో వెల్లింగ్టన్ బాంబరులను నడపిన వింగ్ కమాండర్ కెన్ వాలిస్. అమెరికాలో ఇగోర్ బెన్సెన్ 1950లలో సామాన్యుడు ఇంటివద్ద కట్టుకొనదగిన చిన్న జైరోను రూపొందించగా, వాలిస్ మొదట అట్టిదానినే కట్టి, దాని లోపములను గ్రహించి, తన డబ్ల్యుఏ-116ను 1961 ఆగస్టు 2న ఎగురవేసెను. దాని 72 అశ్వశక్తిగల మెకలక్ ఇంజను మొదట పైలటు లేని గురివిమానములకై చేయబడినది. తేలికయైనది గాని ఇంధనమును త్రాగునది. జేమ్స్ బాండ్ చలనచిత్రములో ఈ జాతి యంత్రమును నడపి వాలిస్ పొందిన కీర్తి జగమెరిగినదే. దానికంటె నేను గొప్పగా నెంచునది 1975 సెప్టెంబరు 28 నాటి ప్రయాణము. 60 అశ్వశక్తి మాత్రమే గల, ఇంధనమున పొదుపరియగు ఫ్రాంక్లిన్ ఇంజనును అమర్చి, ఇంగ్లండు దక్షిణతీరమున లిడ్ నుండి స్కాట్లండు ఉత్తరాగ్రమున విక్ వరకు 874 కిలోమీటర్లు నడుమ దిగకుండ అతడు పోయెను. శక్తి తగ్గించి దూరము గెలిచిన ఇంజను మార్పు ఇది! 1982లో అతని చిన్న డబ్ల్యుఏ-121 మెకలక్ ఇంజనుతో 5,643 మీటర్ల ఎత్తునకు ఎక్కెను. 2002లో, 86 ఏండ్ల ప్రాయమున, వాలిస్ గంటకు 207.7 కిలోమీటర్ల వేగమును సాధించెను. సి.30 నాటినుండి అప్పటికి దాదాపు డెబ్బదియేండ్లు గడచినను వేగమున పెరిగినది ముప్పది కిలోమీటర్లే యని గమనింపుడు.

ఇంజను పెద్దదైనకొలది ప్రొపెల్లరు పెద్దదగును. అది తోకబద్దకు తగులకుండుటకై ఇంజనును పైకెత్తి బిగింతురు. అప్పుడు ప్రొపెల్లరు త్రోయు రేఖ యంత్రపు గరిమనాభికి పైగా పోవును. రోటరు భారమును మోయుచున్నంతసేపు ఇది బయటపడదు. సుడిగాలివలన గాని పైలటు కర్రను ముందునకు తోయుటవలన గాని రోటరుపై భారము తొలగెనా, నిండుబలముతో త్రోయుచున్న ప్రొపెల్లరు క్షణములో ముక్కును క్రిందికి బోర్లించును. రోటరు మందగించి తోకను నరకును. మరల తేరుకొనుట యుండదు. ఈ కారణమున ప్రాణములు కోల్పోయినవారు పెక్కుమంది. పైలటు శిక్షణలోపమని చాలకాలము సరిపెట్టుకొనిరి.

ఆ సరిపెట్టుకొనుటకు ముగింపు పలికినది 1990లలో బ్రిటిష్ పౌరవిమానయాన సంస్థ పూనికతో గ్లాస్గో విశ్వవిద్యాలయము జరిపిన పరిశోధన. ఇటలీదేశపు రెండాసనముల ఎమ్16 యంత్రమునకు కొలతపరికరములమర్చి, వివిధ వేగములయందు ఎగురవేసి, నియంత్రణలను కావలెనని కదిల్చి, యంత్రమెట్లు స్పందించుచున్నదో నమోదు చేసిరి. నిలకడను ప్రధానముగా నిర్ణయించునది త్రోపుడు రేఖకును గరిమనాభికిని గల నిలువు దూరమనియు, తోకపలక పాత్ర తక్కువయనియు తేలెను. ఆ దూరము రెండంగుళములు మించరాదని సిఫారసు వచ్చెను.

నేడు జైరోప్లేనులకు అమర్చు రోటాక్స్ ఇంజనులలో 100 అశ్వశక్తి 912, టర్బోతో కూడిన 115 అశ్వశక్తి 914, 141 అశ్వశక్తి 915 ఉన్నవి. టర్బో ఇంజనుల ప్రయోజనము ఎత్తున గాలి పలుచబడినను శక్తి క్షీణింపకుండుట. ఇంజను మార్చిన యంత్రమును రోటరు తలపట్టున వ్రేలాడదీసి అది వాలు కోణమును కొలిచి, పిమ్మట లేచుటకు పట్టు దూరమును, ఎక్కుడు వేగమును, మట్టముగా నిలువగల కనిష్ఠవేగమును, బలమును హఠాత్తుగా పెంచి తగ్గించినప్పుడు ముక్కు ఎటు కదలునో ఒక్కొక్కటిగా పరీక్షింతురు. కడపటి పరీక్షకే నేను అధికవిలువ నిచ్చెదను; అందు తప్పిన యంత్రమునకు ఎంత అశ్వశక్తియున్నను అది ఎగురుటకు తగదు. ఈ యంత్రచరిత్రలో సియెర్వా కీలు తరువాతి స్థానము, నా దృష్టిలో, ఏ ఇంజనుకును గాక గ్లాస్గో పరిశోధనకే చెందును.