శత్రువు లేని చావులు

1943 జూన్ 14. ఆస్ట్రేలియాలో అది చలికాలం. క్వీన్స్‌లాండ్ తీరాన చెరకు తోటల నడుమ ఉండే మకాయ్ పట్నాన్ని తెల్లవారుజామున పొగమంచు కమ్ముకుంది. ఆరు గంటల వేళ అక్కడి విమానాశ్రయం నుంచి అమెరికా సైన్యానికి చెందిన బీ-17 విమానం ఒకటి పైకి లేచింది. 'ఫ్లయింగ్ ఫోర్ట్రెస్' అని పేరుపడ్డ బాంబర్ అది. యుద్ధం తొలినాళ్లలో ఫిలిప్పీన్స్‌లో దెబ్బలు తిని, మరమ్మతులయ్యాక మనుషుల్ని మోసే పనికి మారింది. అందులో 6గురు సిబ్బంది, 35 మంది సైనికులు ఉన్నారు. న్యూగినీ యుద్ధరంగంలో అలసిపోయి, మకాయ్‌లో కొద్దిరోజుల సెలవు గడుపుకుని, మళ్లీ పోర్ట్ మోర్స్‌బీకి వెళ్తున్నవాళ్లు వాళ్లు. లేచిన కొన్ని నిమిషాలకే విమానం పట్నానికి 8 కిలోమీటర్ల దూరాన బేకర్స్ క్రీక్ దగ్గర కూలిపోయింది. 40 మంది చనిపోయారు. ఒకే ఒక్కడు బతికాడు. ఆస్ట్రేలియా గడ్డ మీద ఇంత పెద్ద విమాన ప్రమాదం అంతకుముందు జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు.

అయినా ఆ దేశం గుండెలు బాదుకోలేదు, ఎందుకంటే దేశానికి సంగతే తెలియదు. మకాయ్ వాళ్లకు తెలుసు. చప్పుడు విన్నవాళ్లున్నారు, పొగ చూసినవాళ్లున్నారు. కానీ యుద్ధకాలపు సెన్సార్ నిబంధనల కింద పత్రికలు ఆ వార్త రాయడానికి లేదు. అమెరికాలోని ఇళ్లకు వెళ్లిన టెలిగ్రాముల్లో ఉన్నదల్లా మీవాడు నైరుతి పసిఫిక్ ప్రాంతంలో విమాన ప్రమాదంలో మరణించాడన్న ముక్క ఒక్కటే. ఊరి పేరు లేదు. కారణం లేదు. పక్కన ఇంకెవరు పోయారో లేదు. నైరుతి పసిఫిక్ అంటే ఫిలిప్పీన్స్ నుంచి ఆస్ట్రేలియా దాకా పరుచుకున్న యుద్ధరంగం. ఒక ఖండమూ, వేల దీవులూ, వాటి మధ్య సముద్రమూ అందులోకే వస్తాయి. అంత మేరలో కొడుకు ఎక్కడ పడిపోయాడని ఆ తల్లి వెతుక్కోవాలి?

సెన్సార్ అధికారుల వైపు వాదనే లేదని అనను. అప్పటికి జపాన్ జలాంతర్గాములు ఆస్ట్రేలియా తూర్పు తీరం వెంట తిరుగుతున్నాయి. ఏ పట్నంలో అమెరికా సైనికులు దిగుతున్నారో, ఏ వేళకు ఎటు ఎగురుతున్నారో శత్రువు చెవిన పడకూడదన్న జాగ్రత్త అవసరమే. కాని, ఆ ఒక్క కారణమే అయితే, సరిగ్గా నెల ముందు అదే క్వీన్స్‌లాండ్ తీరాన జరిగిన మరో ఘోరం విషయంలో ప్రభుత్వం నడిచిన తీరు వేరుగా ఉండాల్సింది.

ఆ ఘోరం పేరు సెంటార్. 1943 మే 14 తెల్లవారకముందే, బ్రిస్బేన్‌కు చేరువ సముద్రంలో, ఒంటి నిండా ఎర్ర శిలువ గుర్తులతో దీపాలన్నీ వెలిగించుకుని వెళ్తున్న ఆ ఆసుపత్రి నౌకను జపాన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. నౌకలో ఉన్న 332 మందిలో 268 మంది పోయారు. 12 మంది నర్సుల్లో ఒక్కరే బయటపడ్డారు. నాలుగు రోజులకే ఆస్ట్రేలియా ప్రధాని జాన్ కర్టిన్ ఆ సంగతి దేశానికి చెప్పారు. జనం భగ్గుమన్నారు. నర్సుల చావుకు పగ తీర్చుకుందాం, పనిచేద్దాం, పొదుపు చేద్దాం, పోరాడదాం అంటూ గోడల మీద పోస్టర్లు వెలిశాయి. అది నిజమైన కోపం, న్యాయమైన కోపం. ఆ నర్సుల కోసం ఏడవని ఇల్లు ఉండి ఉండదు.

రెండూ ఒకే తీరాన, 31 రోజుల తేడాలో జరిగినవే. ఒకదాన్ని దేశమంతా చాటారు, ఇంకోదాన్ని కప్పెట్టారు. నాకు కనిపించే తేడా ఒక్కటే. సెంటార్ చావులకు శత్రువు ఉన్నాడు, బేకర్స్ క్రీక్ చావులకు లేడు. మొదటిదాని దుఃఖాన్ని కోపంగా మలిచి యుద్ధానికి వాడుకోవచ్చు. రెండోదాని దుఃఖం ఎటు తిరుగుతుంది? పొగమంచులో విమానాన్ని ఎందుకు లేపారని అడుగుతుంది. అంత పాత విమానంలో అంతమందిని ఎందుకు ఎక్కించారని అడుగుతుంది. ప్రమాదానికి కారణం ఇదీ అని ఇవాళ్టిదాకా ఎవరూ తేల్చలేదు. అంటే ఆ ప్రశ్నలు వచ్చి పడేది సొంత సైన్యం గుమ్మం ముందే. మూసిపెట్టడానికి భద్రత ఒక కారణమైతే, ఈ ఇబ్బంది మరో కారణమని నా నమ్మకం.

మన ఇళ్లలో చావు కబురు తెలిసి పలకరించడానికి వచ్చినవాళ్లు మొదట అడిగే మాటలు ఏమిటి? ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది, ఆఖరి క్షణాన పక్కన ఎవరున్నారు. కుతూహలం కొద్దీ అడగరు. చెప్పేవాళ్లు పదిమందికి పదిసార్లు చెప్పుకుంటే గాని ఆ చావు జరిగిందని మనసు ఒప్పుకోదు. ఆ 40 కుటుంబాలకు చెప్పుకోవడానికి కథే లేకుండా పోయింది. ఆ సైనికులను మొదట ఆస్ట్రేలియాలోనే ఖననం చేశారు. యుద్ధం ముగిశాక అవశేషాలను తవ్వి తీసి అమెరికా సమాధి స్థలాలకు తరలించారు. శరీరాలు ఇంటి దారి పట్టాయి గాని, ఏం జరిగిందన్న మాట మాత్రం వాటి వెంట వెళ్లలేదు.

ఆ మాటను ప్రభుత్వాలు మోసుకుపోలేదు, మామూలు మనుషులే మోశారు. మకాయ్‌లో కోల్ బెన్సన్ అనే స్థానికుడు ఆ విమానం వివరాలు పోగుచేయడానికి పూనుకున్నాడు. టెక్సస్‌లో టెడ్డీ హ్యాంక్స్ అనే మాజీ సైనికుడు, ఆ ప్రమాదంలో నలుగురు స్నేహితులను పోగొట్టుకున్నవాడు, చనిపోయిన ఒక్కొక్కరి పేరూ వెతికి జాబితా కట్టే పనికి కూర్చున్నాడు. మూడో మనిషి రాబర్ట్ కట్లర్. ఆయన తండ్రి శామ్యూల్ కట్లర్ 1943లో మకాయ్‌లో పనిచేసిన అమెరికా సైనికాధికారి. ఆ ఉదయం ఆ విమానంలోకి సైనికులను ఎక్కించే పని చూసినవాడు. ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు. తండ్రి డైరీ చదివాక కొడుకు ఈ కథ వెంట పడ్డాడు. చనిపోయినవాళ్ల బంధువుల కోసం వెతుకుతూ వెళ్లాడు, 2003లో పుస్తకం తెచ్చాడు. ఆ వెతుకులాటలో దొరికిన కుటుంబాల్లో చాలావాటికి తమ మనిషి ఎక్కడ, ఎలా పోయాడన్నది అప్పుడే మొదటిసారి తెలిసింది. టెలిగ్రాం అందుకున్న తల్లిదండ్రులు అప్పటికి లేరు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ముసలివాళ్లయ్యారు.

బేకర్స్ క్రీక్ దగ్గర స్మారకం 1992లో వచ్చింది. ఊరివాళ్లు పూనుకుని కట్టిందే. అమెరికాలో మరో స్మారకం కోసం కుటుంబాలు ఇంకా ఆగాల్సి వచ్చింది. చెక్కిన రాయి కొంతకాలం వాషింగ్టన్‌లోని ఆస్ట్రేలియా రాయబార కార్యాలయం నీడలో నిలిచింది. చివరకు 2009 జూన్‌లో, ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటిక పక్కనే ఉన్న ఫోర్ట్ మయర్ దగ్గర దానికి చోటు దొరికింది. ప్రమాదం జరిగి అప్పటికి 66 ఏళ్లు.

యుద్ధం అన్నాక ఇలాగే ఉంటుందని సరిపెట్టుకుందామంటే మరో ఊరు గుర్తొస్తుంది. ఇంగ్లండ్ వాయవ్య మూలన, లాంకషైర్ జిల్లాలో ఫ్రెకిల్టన్ అనే పల్లె. దాని పక్కనే వార్టన్‌లో అమెరికా వైమానిక దళపు పెద్ద డిపో ఉండేది. వేలమంది అమెరికన్లు అక్కడ యుద్ధవిమానాలకు మరమ్మతులు చేసేవాళ్లు. సాయంత్రాలు పల్లెలోకి వచ్చేవాళ్లు, ఇళ్లలో చనువుగా మసిలేవాళ్లు. 1944 ఆగస్టు 23 ఉదయం, మరమ్మతులైన రెండు బీ-24 లిబరేటర్ బాంబర్లు పరీక్ష కోసం ఎగిరాయి. కాసేపటికే ఉరుములతో గాలివాన విరుచుకుపడింది. వెనక్కి రమ్మని కబురు వెళ్లింది. ఒక పైలట్ వాన నుంచి దూరంగా ఉత్తరానికి మళ్లి బయటపడ్డాడు. రెండో విమానాన్ని నడుపుతున్న లెఫ్టినెంట్ జాన్ బ్లూమెండాల్ దిగే ప్రయత్నంలో ఉండగా అది గాలికి ఒరిగిపోయి, చెట్ల కొమ్మలను కోసుకుంటూ, ఇళ్లను కూల్చుకుంటూ పల్లె నడిబొడ్డున పడింది. ట్యాంకుల్లోని ఇంధనం అంటుకుంది. హోలీ ట్రినిటీ బడిలో చిన్నపిల్లల తరగతుల మీదికీ, రోడ్డు పక్కన అమెరికన్లు టీ తాగే చిన్న హోటల్ మీదికీ మంటలు పాకాయి. సెలవుల తర్వాత బడి తెరిచి ఎన్నో రోజులు కాలేదు. నాలుగైదేళ్ల పసివాళ్లలో కొందరికి బడి అంటే ఏమిటో అప్పుడప్పుడే తెలుస్తోంది.

మొత్తం 61 మంది చనిపోయారు. అందులో 38 మంది పిల్లలు. బడిలోనే 6గురు పెద్దవాళ్లు. హోటల్లో 14 మంది, వాళ్లలో 7గురు అమెరికన్లు. విమానంలోని ముగ్గురూ పోయారు.

ఆ పల్లె తిరగబడి ఉంటే తప్పు పట్టేవాళ్లెవరు? కడుపుకోత పెట్టింది పరాయి దేశపు విమానం. జర్మన్లది కాదు, మిత్రులది. కాని ఫ్రెకిల్టన్ అమెరికన్లను వెళ్లగొట్టలేదు. దానికి కారణం ఆ పల్లెవాళ్ల మంచితనం ఒక్కటే అనుకోను. ఏం జరిగిందో వాళ్ల కళ్ల ముందే జరిగింది. డిపో నుంచి పరుగున వచ్చిన అమెరికన్లు శిథిలాల్లో పిల్లల కోసం తమతో పాటు తవ్వడం చూశారు. చచ్చిపోయినవాళ్లలో వాళ్ల మనుషులూ ఉన్నారని తెలుసు. మూడు రోజుల తర్వాత, చర్చి ఆవరణలో తవ్విన ఉమ్మడి సమాధి దగ్గరికి ఆ చిన్న చిన్న శవపేటికలను మోసుకొచ్చింది అమెరికా సైనికులే. పారిస్ విముక్తి కబుర్లతో పత్రికలు నిండిపోయిన వారం అది. అయినా ఈ వార్తను దాచలేదు. అప్పుడు సైనికుల కోసం పాడటానికి వార్టన్ వచ్చిన గాయకుడు బింగ్ క్రాస్బీ, ఆసుపత్రిలో కాలిన గాయాలతో ఉన్న పిల్లలను చూడటానికి వెళ్లాడు. మరుసటి ఏడాది ఆగస్టులో, అమెరికన్ సైనికులు తమ డబ్బుతో, తమ చేతులతో కట్టిన ఆటస్థలాన్ని పల్లెకు అప్పగించారు.

అలాగని ఫ్రెకిల్టన్ గాయం మానిపోయిందని చెప్పలేను. బతికిన పిల్లల్లో చాలామంది ఆ రోజు గురించి దశాబ్దాల పాటు నోరు విప్పలేదు. ఇళ్లలో ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. అప్పట్లో అలాంటి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడించే పద్ధతీ లేదు. కానీ వాళ్లకు ఒక సమాధి ఉంది, తేదీ ఉంది, పేర్లు చెక్కిన రాయి ఉంది. విచారణ కూడా జరిగింది. విమానం ఎందుకు అదుపు తప్పిందో అది కచ్చితంగా తేల్చలేకపోయినా, ఇంగ్లండ్ వానలంటే ఉత్త జల్లులేనన్న నమ్మకం అమెరికా పైలట్లలో ఉందనీ, అక్కడి ఉరుముల గాలివానల గురించి వాళ్లను గట్టిగా హెచ్చరించాలనీ రాసింది. పొరపాటు ఎక్కడుందో అడిగి, రాసి పెట్టారు. బేకర్స్ క్రీక్ కుటుంబాలకు అందనిది అదే.

అడిగే హక్కు చట్టంగా మారింది మూడో ప్రమాదం తర్వాత. 1945 జూలై 28, శనివారం. యూరప్‌లో యుద్ధం ముగిసింది, జపాన్‌తో ఇంకా సాగుతోంది. దట్టమైన పొగమంచులో దారి తప్పిన బీ-25 బాంబర్ న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం 79వ అంతస్తు దగ్గర ఢీకొట్టింది. శత్రువు బాంబు పడిందని వీధుల్లో జనం బెదిరిపోయారు. భవనంలో 11 మంది, విమానంలో ముగ్గురు చనిపోయారు. లోపల పోయినవాళ్లలో ఎక్కువమంది యుద్ధబాధితులకు సాయం పంపే క్యాథలిక్ సంస్థ ఆఫీసులో పనిచేసేవాళ్లు. ఇక్కడ దాచేందుకు వీలే లేదు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనానికి చిల్లు పడితే ఊరంతా తలెత్తి చూసింది. ప్రభుత్వ ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల నష్టపోయిన పౌరుడు ప్రభుత్వం మీదే దావా వేసే వీలు అప్పటిదాకా అమెరికాలో లేనట్టే లెక్క. అలాంటి చట్టం కావాలన్న మాట కాంగ్రెస్‌లో ఏళ్లుగా నలుగుతోంది. ఈ ప్రమాదం దాన్ని ముందుకు నెట్టింది. 1946లో ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం వచ్చింది. ఎంపైర్ స్టేట్ బాధితులకూ వర్తించేలా దాన్ని 1945 జనవరి 1 నుంచే అమల్లోకి తెచ్చారు.

ఆ చట్టాన్ని మెచ్చుకోవాల్సిందే. కాని అది ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పాలి. పరాయి దేశాల గడ్డ మీద జరిగిన నష్టాలకు వర్తించదని చట్టంలోనే రాశారు. 1950లో ఫెరెస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో గీత గీసింది. బ్యారక్స్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయిన సైనికుడి తరఫున వచ్చిన దావా అందులో ఒకటి. సైనిక విధుల్లో భాగంగా గాయపడినా, ప్రాణం పోయినా, ఆ చట్టం కింద సైనికులూ వాళ్ల కుటుంబాలూ ప్రభుత్వం మీద దావా వేయడానికి లేదని కోర్టు తేల్చింది. యుద్ధంలో కాదు, నిద్రపోయే చోట నిప్పంటుకుని పోయిన మనిషి విషయంలో వచ్చిన తీర్పు అది. దాన్ని మార్చమని ఎందరో సైనికుల కుటుంబాలు కోర్టు మెట్లెక్కాయి, కొందరు న్యాయమూర్తులే ఆ తీర్పును తప్పుపట్టారు. ఇవాళ్టికీ అది అమల్లోనే ఉంది.