తులసిదళమంత నరం

శ్రీకృష్ణ తులాభారం కథ తెలియని తెలుగువాడుండడు. సత్యభామ ఒంటిమీది నగలూ ఇంట్లోని బంగారమూ అన్నీ తెచ్చి పోసినా తక్కెడ కదల్లేదు. రుక్మిణి ఒక్క తులసిదళం వేస్తే కదిలింది. 2023లో అమెరికాలో ఒక ఆటగాణ్ని తక్కెడకెక్కించారు. అక్కడా చివరికి ముల్లును కదిపింది దళమంత సన్నటిదే. కాకపోతే అది తులసి కాదు, మడమ వెనకుండే నరం.

ఆటగాడి పేరు ఆరన్ రాడ్జర్స్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్. ఆ ఆటలో ప్రతి ఎత్తూ అతని చేతిలోంచే మొదలవుతుంది. మీదపడడానికి బండరాళ్లలాంటి మనుషులు దూసుకొస్తుంటే, బంతి ఎవరికి, ఎంత దూరం, ఎప్పుడు అన్నది రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. ఆ పని చేతకానివాడుంటే మిగతా పదిమందీ ఎంత గట్టివాళ్లయినా వృథా.

2005 డ్రాఫ్ట్ రోజున, అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వరసగా ఎంచుకునే రోజున, తన పేరే ముందు పిలుస్తారని ఆశపడి వచ్చాడతను. గంటలకొద్దీ కెమెరాల ముందు కూర్చున్నాడు. ఇరవై మూడు పేర్లు పిలిచారు. ఇరవై నాలుగోది అతనిది. పిలిచింది గ్రీన్ బే ప్యాకర్స్. విస్కాన్సిన్‌లో లక్షమంది ఉండే చిన్న ఊరి జట్టు అది. దానికి ధనవంతుడైన యజమాని లేడు, వాటాలు కొనుక్కున్న అభిమానులే యజమానులు. అక్కడ అప్పటికే బ్రెట్ ఫార్వ్ అనే ఉద్దండుడున్నాడు. రాడ్జర్స్ మూడేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు. 2008లో ఫార్వ్ ఆట మానేస్తున్నానన్నాడు, మళ్లీ వస్తానన్నాడు. అప్పటికి క్లబ్బు మనసు మారిపోయింది. అతన్ని న్యూయార్క్ జెట్స్‌కు పంపించేసి, చోటు కుర్రాడికిచ్చింది.

ఆ కుర్రాడు ఆ చోటును నిలబెట్టాడు. 2011 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌ను 31-25తో ఓడించి లీగ్ కప్పు సూపర్ బౌల్ తెచ్చాడు. లీగ్‌లో మేటి ఆటగాడిగా నాలుగుసార్లు ఎంవీపీ అందుకున్నాడు. కానీ రెండో సూపర్ బౌల్ రాలేదు. ఆ ఒక్క గెలుపు తర్వాత నాలుగుసార్లు గడపదాకా వెళ్లి, సెమీఫైనల్లాంటి ఆటలో ఓడి వెనక్కొచ్చాడు.

2020 ఏప్రిల్‌లో ప్యాకర్స్, డ్రాఫ్ట్‌లో నాలుగు మెట్లు పైకెక్కి మరీ ఒక కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది. జోర్డన్ లవ్. పక్కన బల్లెం పట్టుకుని నిలబడే తోడు దొరుకుతాడేమోనని చూస్తున్నవాడికి, తన కుర్చీకే వారసుడు దొరికాడు. ఒకనాడు తాను ఎవరి వెనక కూర్చున్నాడో, ఇవాళ తానే ఆ మనిషి. కోడలు అత్తయిన కథే.

అక్కడ పుట్టింది అలక. 2021 డ్రాఫ్ట్ రోజునే, ఇక ఈ జట్టుకు ఆడనంటున్నాడన్న వార్త పొక్కింది. జులైలో తిరిగొచ్చి విలేకరుల ముందు మనసు విప్పాడు. అతని బాధ డబ్బు గురించి కాదు. ఏళ్ల తరబడి చెమటోడ్చిన సహచరులను మర్యాదగా సాగనంపలేదని. జట్టు గురించి నిర్ణయాలు చేసేటప్పుడు తనను ఒక మాటైనా అడగరని. సరుకులా కాకుండా మనిషిలా చూడమని అడిగాడు.

కొత్తల్లుడు అలకపాన్పెక్కితే అత్తవారు ఏదో ఒకటి ఇచ్చి దింపుతారు. 2022 మార్చిలో ప్యాకర్స్ మూడేళ్లకు సుమారు 15 కోట్ల డాలర్లు ఇచ్చి దింపింది. కానీ అదే నెలలో అతని కుడిభుజంలాంటి డవాంటే ఆడమ్స్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు. ఆ ఏడాది ఎనిమిది గెలుపులు, తొమ్మిది ఓటములు. చివరి ఆటలో, సొంత మైదానంలో, డెట్రాయిట్ చేతిలో ఓడి తల దించుకుని నడిచాడు. 2023 ఫిబ్రవరిలో ఒరెగాన్‌లో ఒక చీకటిగదిలో రోజుల తరబడి ఒంటరిగా గడిపాడు. మార్చిలో బయటపెట్టాడు, వెళ్లేది జెట్స్‌కేనని. పదిహేనేళ్ల కిందట ఫార్వ్ నడిచిన బాటే.

జెట్స్ ఆకలి వేరు. 1969 జనవరిలో జో నామత్ గెలుస్తామని ముందే మాటిచ్చి గెలిపించిన సూపర్ బౌల్ తర్వాత వాళ్లు మళ్లీ ఆ గడప దాటలేదు. తాతలు చూసిన గెలుపును మనవలు టీవీలో పాత బొమ్మల్లో చూసుకుంటున్నారు. 2022లో మాత్రం జట్టు కుదిరింది. ఆ ఏడాది లీగ్‌లో మేటి కొత్త ఆటగాళ్లిద్దరూ, దాడిలో ఒకరు, రక్షణలో ఒకరు, వాళ్లవాళ్లే. లేనిదల్లా క్వార్టర్‌బ్యాక్. మరోవైపు లాస్ ఏంజలిస్ రామ్స్, మ్యాథ్యూ స్టాఫర్డ్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను వేరే జట్టు నుంచి తెచ్చుకున్న తొలి ఏడే కప్పు ఎత్తుకుంది. రాడ్జర్స్ కోసం జెట్స్ దిగింది తెలివితక్కువ బేరమేం కాదు. ఆకలిగొన్నవాడు చేసిన తెలివైన బేరం.

ఏప్రిల్ 24న తూకం తేలింది. అక్కడ ఆటగాడికి బదులు ఎక్కువగా ఇచ్చేది డబ్బు కాదు, రేపటి కుర్రాళ్లను ఎంచుకునే హక్కు. జెట్స్ ఆ ఏటి 13వ ఎంపికను, 42వ దాన్ని, 207వ దాన్ని ఇచ్చింది. రాడ్జర్స్‌తో పాటు 15వది, 170వది తీసుకుంది. పైగా మరుసటేడు రెండో రౌండులో ఒకటి ఇస్తానంది. దానికో షరతు: రాడ్జర్స్ ఆ సీజన్లో జట్టు వేసే ఎత్తుల్లో 65 శాతం ఆడితే అది మొదటి రౌండుకు పెరుగుతుంది.

సరుకులా చూడొద్దని అలిగిన మనిషి, అలక తీరడానికి వెళ్లిన చోట శాతాల్లో తూగాడు. అందులో ఎవరి తప్పూ లేదు. అప్పటికి అతనికి ముప్పై తొమ్మిదేళ్లు. ఆ ఒంటిని నమ్ముకుంటున్నవాళ్లు కూడా దాన్ని చూసి భయపడ్డారనడానికి ఆ ఒక్క వాక్యమే సాక్ష్యం.

ఆ వేసవంతా పెళ్లివారి సందడి. నామత్ తన 12వ నంబరు చొక్కా వేసుకోమన్నాడు. పెద్దాయన గౌరవం పెద్దాయనకే ఉండాలని రాడ్జర్స్, కాలేజీ నాటి 8 తీసుకున్నాడు. జట్టు కోసం తన జీతంలోంచి సుమారు మూడున్నర కోట్ల డాలర్లు వదులుకున్నాడు.

2023 సెప్టెంబర్ 11. న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియం. న్యూయార్క్ మరచిపోలేని తేదీ. రాడ్జర్స్ జాతీయ జెండా పట్టుకుని మైదానంలోకి పరుగెత్తాడు. ఎదుట బఫలో బిల్స్. నాలుగో ఎత్తులో లెనర్డ్ ఫ్లాయిడ్ అతన్ని పట్టి పడేశాడు. లేచాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, అలసినవాడు అరుగు మీద చతికిలబడినట్టు మళ్లీ గడ్డి మీద కూర్చున్నాడు. ఎడమ మడమ నరం తెగింది. ఐదు నెలలు ఎదురుచూసిన జనానికి దక్కింది నాలుగు ఎత్తులు.

పాశ్చాత్యులు ఆ నరానికి ఒక గ్రీకు వీరుడి పేరు పెట్టుకున్నారు. మనకైతే తులాభారంలో తూగిన ఆ కృష్ణుడే గుర్తొస్తాడు. ఆయనకూ వేటగాడి బాణం తగిలింది పాదానికే.

షరతు వీగిపోయింది. ఇవ్వాల్సిన ఎంపిక రెండో రౌండులోనే ఆగిపోయింది. ఆ గాయంతో జెట్స్‌కు మిగిలిన లాభం అదొక్కటే. సీజన్ 7-10తో ముగిసింది. మరుసటేడు రాడ్జర్స్ పదిహేడు ఆటలూ ఆడాడు, కానీ 5-12. ఆ ఏడాది మధ్యలోనే కోచ్ పోయాడు, జనరల్ మేనేజర్ పోయాడు. 2025లో రాడ్జర్స్‌ను కూడా వదిలేశారు. గ్రీన్ బేలో జోర్డన్ లవ్, రాడ్జర్స్ కుర్చీ ఎక్కిన తొలి ఏడే ప్లేఆఫ్స్‌కు వెళ్లి, డాలస్‌ను దాని మైదానంలోనే ఓడించాడు.

ఆ సెప్టెంబర్ రాత్రి ఆట ఏమైందని ఎవరూ అడగరు. జెట్స్ గెలిచింది. అదనపు సమయంలో గ్జేవియర్ గిప్సన్ అనే కొత్త కుర్రాడు బంతందుకుని 65 గజాలు పరుగెత్తి గెలిపించాడు. డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ అతని పేరు పిలవలేదు. అతని కోసం ఎవరూ ఏ ఎంపికా ఖర్చుపెట్టలేదు.

2025 సెప్టెంబర్ 7న అదే స్టేడియానికి రాడ్జర్స్ స్టీలర్స్ చొక్కాతో వచ్చాడు. నాలుగు టచ్‌డౌన్లు విసిరి 34-32తో జెట్స్‌ను ఓడించాడు. ఆ ఆటలో బంతి జారవిడిచిన జెట్స్ ఆటగాడు గిప్సనే. ఆ వారంలోనే అతన్ని జట్టులోంచి తీసేశారు. అతను అలిగాడో లేదో తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు.