ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ నడక – కాపరులు నిలిచిన చోటు

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో నలుపు తెలుపు పిల్లలను వేరుచేయుట రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశపు సుప్రీంకోర్టు 1954 మే 17న ‘బ్రౌన్’ కేసులో తీర్పు చెప్పింది. తీర్పు సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ తీర్పును కాలినడకన అమలు చేయవలసి వచ్చిన ఒక బాలిక అనుభవాన్ని, ఆ దారిలో కాపరులు ఎక్కడ ఉన్నారన్న సంగతిని ఇక్కడ పరిశీలింపగోరుచున్నాము.

ఆర్కన్సా రాష్ట్రం, లిటిల్ రాక్ పట్టణంలోని సెంట్రల్ హైస్కూలులో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు చేరవలసి ఉంది. 1957 సెప్టెంబరు 4న పాదిరులు వారి వెంట నడవాలని ఉద్యమ నాయకురాలు డైసీ బేట్స్ ముందురోజు రాత్రి ఏర్పాటు చేశారు. ప్రెస్బిటేరియన్ కాపరి డన్‌బర్ ఆగ్డెన్ తోటి కాపరులను పిలిచారు. వచ్చిన తెల్లవారు బహు కొద్దిమంది. పిల్లలందరికీ ఫోనులో కబురు వెళ్లింది. ఎలిజబెత్ ఇంట ఫోను లేదు.

పదిహేనేళ్ల ఆ అమ్మాయి ఇంట్లో కుట్టుకున్న కొత్త బట్టలు వేసుకొని, తల్లి ప్రార్థన చేయగా, ఒంటరిగా బస్సెక్కి వచ్చింది. గవర్నర్ ఫాబస్ నిలిపిన సైనికులు ఆమెను అడ్డగించారు. వెనుక గుంపు చంపమని కేకలు వేసింది. ఆ గుంపులో దయగల ముఖమేదని వెదకి, ఒక వృద్ధురాలివైపు చూస్తే, ఆమె ఉమ్మివేసిందని ఎలిజబెత్ తరువాత చెప్పింది. కాపరులుగా ఈ మాట చదివినప్పుడెల్లా మేము ఆగిపోతాము. ఆ గుంపులో ఆదివారం గుడికి వెళ్లేవారు లేరనుకోలేము.

ఆ ఉదయం పాదిరులతో వచ్చిన పిల్లలనూ వెనుకకు పంపారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పంపిన సైన్యం కాపలాతో సెప్టెంబరు 25న వారు బడిలో ప్రవేశించారు. లోపల తోపులు, తిట్లు ఏడాది పొడవునా సాగాయి. 1958–59లో పట్టణపు హైస్కూళ్లనే మూసివేశారు. ఆగ్డెన్ తన సంఘాన్ని విడిచి వేరే రాష్ట్రానికి వెళ్లవలసి వచ్చింది.

ఆనాటి ప్రసిద్ధ ఛాయాచిత్రంలో ఎలిజబెత్ వెనుక అరుస్తూ కనబడే తెల్ల బాలిక హేజెల్ బ్రయన్. కొన్నేళ్లకు ఆమె ఫోను చేసి క్షమాపణ కోరింది, ఎలిజబెత్ అంగీకరించింది. 1997లో ఇద్దరూ కలిసి ఫోటో దిగారు, స్నేహితులయ్యారు, విద్యార్థుల ముందు కలిసి మాట్లాడారు. ఆ స్నేహం ఎంతోకాలం నిలువలేదు. హేజెల్ నాటి సంగతులన్నీ పూర్తిగా ఒప్పుకోలేదని ఎలిజబెత్‌కు తోచింది. తాను ఇంకేమి చేసినా చాలదని హేజెల్‌కు తోచింది.