జూన్ లేని 1987, మే ఉన్న 1980

‘స్నోడ్రాప్’ని ఆరో ఎపిసోడ్ మధ్యలో ఆపేశాను. కొరియన్ డ్రామాని సగంలో వదిలేయడం నాకేం కొత్త కాదు. రాత్రి పదకొండింటికి ఆఫీసు కాల్స్ అయ్యాక మొదలుపెట్టి, హీరోయిన్ రెండోసారి కాలుజారి హీరో చేతుల్లో పడగానే లాప్‌టాప్ మూసేసినవి చాలానే ఉన్నాయి. వాటిని మర్నాటికి మర్చిపోతాం. ఇది మాత్రం చాలా రోజులు గుచ్చుకుంటూనే ఉంది.

2021 డిసెంబర్ 18న జేటీబీసీ ఛానెల్లో మొదలైన డ్రామా ఇది. కథాకాలం 1987, స్థలం సియోల్‌లో ఒక మహిళా యూనివర్సిటీ హాస్టల్. ఒంటి మీద రక్తంతో వచ్చిపడ్డ కుర్రాడిని, సర్కారుకి ఎదురుతిరిగిన విద్యార్థి అనుకుని హీరోయిన్ దాచిపెడుతుంది. తీరా చూస్తే అతను ఉత్తర కొరియా గూఢచారి. అక్కణ్ణుంచి తుపాకులు, బందీలు, మధ్యమధ్యలో నాయకుల భార్యల మధ్య పోటీల కామెడీ. జంగ్ హే-ఇన్, బ్లాక్‌పింక్ జిసూ, కావలసినంత మంచు. థ్రిల్లర్‌గా చూసినా ఒకే హాస్టల్లో గిరగిరా తిరగడమే.

అయితే 1987 అంటే కొరియా వాళ్ళకి కాస్ట్యూమ్స్ మార్చుకునే సంవత్సరం కాదు. ఆ జనవరి 14న పార్క్ జోంగ్-చోల్ అనే విద్యార్థి పోలీసుల చిత్రహింసల్లో చనిపోయాడు. విచారణలో బల్ల మీద గట్టిగా చరిస్తే ఉన్నట్టుండి పడిపోయాడని పోలీసులు చెప్పారు. ఆ అబద్ధం బయటపడ్డాక దేశం భగ్గుమంది. జూన్ 9న టియర్‌గ్యాస్ గుండు తగిలిన లీ హన్-యోల్ అనే ఇంకో విద్యార్థి జులై 5న చనిపోయాడు. ఈలోగా జూన్ నెలంతా వీధుల్లో జనం. జూన్ 29న, అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవడానికి పాలకులు ఒప్పుకోక తప్పలేదు.

అంతకుముందు దశాబ్దాల పాటు అక్కడి నియంతలకి బాగా అచ్చొచ్చిన ఆరోపణ ఒకటుంది: ఎదురు మాట్లాడేవాడు ఉత్తరం వాళ్ళ గూఢచారి. ఆ ఒక్క మాటతో ఎందరినో జైళ్ళలో కుక్కారు, హింసించారు. అందుకే ‘ఉద్యమకారుడు అనుకుంటే గూఢచారి అని తేలింది’ అన్నది అక్కడ మామూలు ట్విస్ట్ అవదు. డ్రామా ఆపేయమని 3 లక్షలకి పైగా జనం అధ్యక్ష భవనానికి అర్జీ పెట్టారు. స్పాన్సర్లు జారుకున్నారు. అపార్థాలు తొలగిపోతాయని ఛానెల్ మూడు రోజుల్లో వరసగా మూడు ఎపిసోడ్లు వేసేసింది. హీరో హీరోయిన్లు ప్రజాస్వామ్య ఉద్యమంలో పాల్గొననే పాల్గొనరు కదా అని సమాధానం కూడా చెప్పింది. నిజమే, పాల్గొనరు. నా బాధ సరిగ్గా అదే. సియోల్, 1987, విద్యార్థుల హాస్టల్... అందులో జూన్ నెల లేదు.

ఒక ఫ్రెండ్ చెప్తే ‘యూత్ ఆఫ్ మే’ పెట్టాను. ఇదీ 2021దే, కేబీఎస్ వాళ్ళది, పన్నెండే ఎపిసోడ్లు. స్థలం గ్వాంగ్జూ, కాలం 1980 మే. మ్యోంగ్-హీ నర్సు. పై చదువుకి జర్మనీ వెళ్ళాలి, విమానం టికెట్‌కి డబ్బుల్లేవు. అందుకని స్నేహితురాలి బదులు తను పెళ్ళిచూపులకి వెళ్తుంది. అక్కడ హీ-టే, మెడిసిన్ చదివే కుర్రాడు. అతని తండ్రి సైనిక నిఘా విభాగంలో ఆఫీసరు. ఇందులోనూ అరిగిపోయిన పాత ఫార్ములాలు తక్కువేం కాదు. కానీ సగం దాకా వాళ్ళ గొడవలన్నీ టికెట్టు, పెళ్ళి, తమ్ముడి పరుగుపందెం. తేదీ మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు. క్యాలెండర్ మే 17 దగ్గరికి వస్తుంటే మామూలు భోజనాల సీను చూడ్డానిక్కూడా భయమేస్తుంది.

మే 17 అర్ధరాత్రి సైనిక పాలనని దేశమంతా విస్తరించారు. 18 నుంచి 27 దాకా గ్వాంగ్జూలో పారాట్రూపర్ల లాఠీలు, బయొనెట్లు, తూటాలు. జనం రక్తం ఇవ్వడానికి ఆస్పత్రుల ముందు క్యూ కట్టారు. ఎంతమంది పోయారన్న దాని మీద వాదన ఇప్పటికీ ఉంది. డ్రామా ఇదంతా ఆస్పత్రి వరండాలోంచి చూపిస్తుంది. హీ-టే పాత స్నేహితుడొకడు పారాట్రూపర్‌గా అదే ఊరికి వస్తాడు. అతన్ని రాక్షసుణ్ణి చేసెయ్యలేదు, అలాగని క్షమించేసి చేతులు దులుపుకోలేదు కూడా. ముగింపు చెప్పను.

ఇదంతా నాకెందుకంటే, ఆ రోజుల్లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని గాజువాక ఇంట్లోనే ఉన్నాను. స్టీల్ ప్లాంట్‌లో వంద శాతం వాటా అమ్మడానికి కేంద్రం 2021 జనవరి 27న సరేనంది. ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం దగ్గర దీక్షా శిబిరం. అరవయ్యేళ్ళ కిందట పుట్టిన ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ మళ్ళీ మైకుల్లోకి వచ్చింది. చిన్నప్పట్నించీ గోడల మీద చదివిన ఆ నినాదం వెనక ఒక తేదీ ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1966 అక్టోబర్ 15న అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకి కూచున్నారు. నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా పదేళ్ళయిన రోజున, ఇక్కడ పోలీసు కాల్పులు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారని లెక్క. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. ప్లాంటుని జాతికి అంకితం చేసింది మాత్రం 1992లో. మధ్యలో ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఆర్ కార్డులు పట్టుకుని ఏళ్ళ తరబడి తిరిగిన నిర్వాసితులు మా వీధిలోనే ఉండేవారు.

దీన్ని ‘స్నోడ్రాప్’ పద్ధతిలో తీస్తే ఊరేగింపు అడ్డొచ్చి హీరో కారు ఆగుతుంది, హీరోయిన్ కనిపిస్తుంది, పాట వస్తుంది. రెండో పద్ధతిలో అయితే ఒక కేజీహెచ్ నర్సు, పోర్టులో కలాసీ, ఏయూ విద్యార్థి, ఫ్యాక్టరీ వస్తే తన పొలం పోతుందని ఇంకా తెలియని రైతు. హక్కు కోసం పోయినవాళ్ళూ, ఆ హక్కు వల్ల ఊరు పోయినవాళ్ళూ ఒకే కథలో పట్టాలి. అలాంటి తెలుగు సినిమా, సిరీస్ నేనింకా చూడలేదు.

‘యూత్ ఆఫ్ మే’ అయిపోయిన వారం మా పెద్దనాన్నకి ఫోన్ చేసి 1966 గురించి అడిగాను. అప్పటికి ఆయనకి పదకొండేళ్ళు. గొడవల్లో బళ్ళు మూసేశారని సంతోషపడ్డారట. “కాల్పులు జరిగాయని తెలిసిన సాయంత్రం మాత్రం మా అమ్మ తలుపేసుకుని కూచుందిరా. నాన్న పోర్టులో డ్యూటీకి వెళ్ళారు. ఆయన వచ్చేదాకా ఎవరికీ అన్నం పెట్టలేదు.”

తాతయ్య ఎన్నింటికి వచ్చారని అడిగాను. అది గుర్తులేదన్నారు. అన్నం చల్లారిపోయిందని మాత్రం గుర్తుందట.