కరువు వేసిన పట్టాలు, రాతి కోసం ఎదురుచూసే స్టేషన్

1876-78 నాటి ధాత కరువు సీమను ఊడ్చేసింది. గింజలున్న చోటి నుంచి లేని చోటికి చేర్చే దారి కావాలని సర్కారుకు అప్పటికి గానీ తట్టలేదు. అలా బళ్లారి వైపు నుంచి కృష్ణ ఒడ్డుకు మీటర్‌గేజ్ లైను పడింది. నంద్యాల స్టేషన్ పుట్టింది దాని మీదే.

ఊరు దాటితే తూర్పున నల్లమల. బొగద దగ్గర కొండను తొలిచారు, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన నిలిపారు. 1990లలో బ్రాడ్‌గేజ్ వచ్చి రైళ్లు కొత్త దారి పట్టాక, అంత శ్రమా అడవికి మిగిలిపోయింది. చూస్తే మనసు చివుక్కుమంటుంది.

2016లో నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు లైను పూర్తయింది. 2022లో నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఇప్పుడు ఈ స్టేషన్ పేరు, స్టేషన్లను పునరుద్ధరించే అమృత్ భారత్ పథకం జాబితాలో ఉంది.

పునరుద్ధరణ అంటే అద్దాలు, రేకులు, రంగు దీపాలేనా? ఎండలు మండే ఊరికి కావలసింది లోతైన వసారా, ఎత్తైన కప్పు, గాలి ఆడే కిటికీలు. నేలకు బేతంచెర్ల బండలు పక్కనే దొరుకుతాయి.

ఇక ఇదే జిల్లాలోని ఆళ్లగడ్డ. ఆ ఊరికి రైలు లేదు, ఉలి ఉంది. అక్కడి శిల్పులు చెక్కిన దేవతామూర్తులు దూరదూరపు గుళ్లలో పూజలందుకుంటున్నాయి. ఆ చేతులకు నంద్యాల ముఖద్వారపు స్తంభాలు అప్పగించాలి. ఒక స్తంభం మీద బొగద సొరంగం, మరో దాని మీద దొరబావి వంతెన చెక్కితే, రైలు దిగినవాడు ఆ పట్టాల కథను చేత్తో తడిమి చూస్తాడు.