తాల్‌చుమ్

తాల్‌చుమ్ కొరియా జానపద నృత్యనాటకం. ‘తాల్’ అంటే ముఖానికి పెట్టుకునే తొడుగు, ‘చుమ్’ అంటే నాట్యం. దీనికి వేదిక, తెర అక్కర్లేదు. ఊళ్లో ఖాళీ జాగా ఉంటే చాలు. చుట్టూ కూర్చున్న జనం ‘చోతా’ (బాగుంది) అని కేకలేస్తూ ఆటగాళ్లకు హుషారెక్కిస్తారు. ఆ కేకలూ ఆటలో భాగమే.

సిల్లా రాజ్యపు కవి చ్వె చివొన్ 9వ శతాబ్దంలోనే ఇలాంటి ఆటలను పద్యాల్లో వర్ణించాడు. చోసన్ రాజులు (1392–1910) చైనా రాయబారుల స్వాగతానికి ‘సాందే’ వేడుకలు జరిపించేవారు. 17వ శతాబ్దంలో ఆ ఆదరణ తగ్గాక కళాకారులు ఊళ్లబాట పట్టారని, సియోల్ దగ్గరి యాంగ్జు ఆటకు మూలం అదేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం.

ఆస్థానం దాటాకే ఈ కళకు నోరు వచ్చింది. ఇప్పటి ఉత్తర కొరియాలోని బోంగ్సాన్ ప్రాంతపు ఆటలో మాల్తుగి అనే నౌకరు, దొరలను పిలిచే ‘యాంగ్బాన్’ అన్న మాటనే రెండుగా విరిచి, ఒక ముక్కకు కుక్కతోలు, రెండోదానికి కుక్కకాళ్ల భోజనపు బల్ల అని అర్థం చెబుతాడు. దొరలు కోప్పడితే చటుక్కున మాట మార్చేస్తాడు. కానీ నవ్వులతోనే సరిపెట్టదు ఈ ఆట. మొగుడి కోసం ఊరూరా వెతికిన మియాల్ అనే ముసలమ్మ, అతని ఉంపుడుగత్తెతో జరిగిన గొడవలో ప్రాణం విడుస్తుంది.

ఆన్‌దోంగ్ దగ్గరి హాహ్వే గ్రామం కథ మరీ విచిత్రం. అక్కడ ర్యూ వంశపు దొరల అండతోనే, వాళ్లను ఎగతాళి చేసే ఆటను సామాన్యులు ఆడేవారు. చోసన్‌కు ముందరి గొర్యో రాజ్యకాలానివని భావించే అక్కడి కొయ్య తొడుగుల్లో కొన్నింటికి దవడ విడిగా తాడుతో కట్టి ఉంటుంది. దొర వేషధారి తల వెనక్కి వాల్చితే తొడుగు పకపకా నవ్వుతుంది, ముందుకు వంచితే ముఖం ముడుచుకుంటుంది. చెక్కలో ఇంత ప్రాణం పోసిన పనితనం అరుదు. ఐతిహ్యం ప్రకారం, హో అనే యువకుడు దైవాజ్ఞతో ఎవరి కంటా పడకుండా వీటిని చెక్కేవాడు. అతన్ని ప్రేమించిన అమ్మాయి ఆగలేక తొంగిచూసింది. అతను నెత్తురు కక్కుకుని చనిపోయాడు. అప్పటికి ‘ఇమే’ అనే అమాయకుడి తొడుగుకు గడ్డం చెక్కడం మిగిలిపోయింది.

జపాన్ పాలనలో చాలా ఊళ్లలో ఆటలు ఆగిపోయాయి. హాహ్వేలో 1928 తర్వాత మళ్లీ 1970లలోనే గజ్జె కదిలింది. కొరియా యుద్ధంలో దక్షిణానికి తరలివచ్చిన కళాకారులు బోంగ్సాన్ ఆటను కాపాడుకున్నారు. హాహ్వే తొడుగులను 1964లో జాతీయ నిధిగా ప్రకటించారు. 1970, 80లలో విశ్వవిద్యాలయ విద్యార్థులు సైనిక పాలనపై నిరసనకు ఈ కళనే ఆసరా చేసుకున్నారు. 2022లో యునెస్కో దీన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇప్పుడు కొత్తగా తయారయ్యే ఇమే తొడుగుకు కూడా గడ్డం చెక్కరు.