ట్రాక్టరు కోత యంత్రాల నిర్వహణ: పి.టి.ఓ. షాఫ్టు వద్ద పాటించవలసిన జాగ్రత్తలు

రంగారెడ్డి జిల్లా హయత్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) పరిశోధన క్షేత్రం ఉంది. 1985లో ఏర్పడిన ఈ సంస్థ ఇక్కడి ఎర్ర నేలల్లో కంది, ఆముదం వంటి మెట్ట పంటలపైనా, పంట అవశేషాలను తగులబెట్టకుండా నేలకే తిరిగి చేర్చే పద్ధతులపైనా ప్రయోగాలు చేపట్టింది. ఈ పద్ధతిని అనుసరించే రైతుకు కట్టెను ముక్కలు చేసే యంత్రం అవసరమవుతుంది. ట్రాక్టరు వెనుక అమర్చే స్లాషర్లు, ష్రెడర్లు ఈ కోవకు చెందినవి. వీటి బ్లేడ్ల విషయంలో అందరూ జాగ్రత్తపడతారు గానీ, బ్లేడ్లకు శక్తిని అందించే షాఫ్టు సైతం అంతే ప్రమాదకరమని గుర్తించేవారు తక్కువ.

పి.టి.ఓ. షాఫ్టు ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు, అనగా సెకనుకు 9. ఎనిమిది సెంటీమీటర్ల మందం గల షాఫ్టుకు కండువా అంచు చిక్కితే ఒక్క సెకనులో రెండు మీటర్లకు పైగా వస్త్రం చుట్టుకుపోతుంది. మనిషి తేరుకునే వ్యవధి ఉండదు. షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు, ఆ తొడుగు తిరగకుండా గొలుసు ఏర్పాటు చేసింది ఇందుకే. గ్రీజు పెట్టడానికి అడ్డమని తొడుగును తీసివేసి, తిరిగి బిగించకుండా వదిలివేయడం ఎంతమాత్రం క్షమించరాని అలవాటు. పగిలిన తొడుగును వెంటనే మార్చాలి.

మరమ్మతుకు ముందు పి.టి.ఓ. లీవరును విడిపించి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి దగ్గర ఉంచుకోవాలి. శక్తి ఆగిన తరువాత కూడా బ్లేడ్లు కొంతసేపు తిరుగుతాయి. అవి పూర్తిగా నిలిచేవరకు వేచి ఉండాలి. పైకి లేపిన యంత్రం కింద పనిచేయవలసి వస్తే దృఢమైన దిమ్మెలు పెట్టాలి. హైడ్రాలిక్ లిఫ్టును మాత్రమే నమ్ముకోరాదు.

షాఫ్టు రెండు చివరల ఉన్న క్రాసులకు తయారీదారు సూచించిన గంటల ప్రకారం గ్రీజు అందించాలి. యంత్రాన్ని లేపినా దించినా షాఫ్టు రెండు భాగాలు ఒకదానిలో ఒకటి తగినంత మేర కలిసి ఉండాలి. అలాగని పూర్తిగా లోపలికి వెళ్ళి తగులుకోకూడదు. షియర్ బోల్టు తెగితే అదే రకం బోల్టు వేయాలి. గట్టి బోల్టు వేస్తే అది తెగదు. రాయికో మొద్దుకో తగిలిన దెబ్బ నేరుగా గేరుబాక్సుపై పడుతుంది. కొద్ది రూపాయల బోల్టు తెగడమే యంత్రానికి రక్ష.

గేరుబాక్సులో ఆయిలు మట్టాన్ని తరచూ చూడాలి. బ్లేడ్ల ఇరుసుకు చుట్టుకున్న ప్లాస్టిక్ తాడు, తీగ, డ్రిప్ పైపు ముక్కలు ఆయిలు సీలును కోసివేస్తాయి కనుక వాటిని ఏ రోజుకారోజు తొలగించాలి. రాళ్ళున్న నేలల్లో బ్లేడ్లు త్వరగా అరుగుతాయి. వాటిని ఎదురెదురు జంటగానే మార్చాలి. ఒక్కటే మారిస్తే బరువు సమతూకం తప్పి యంత్రం అదురుతుంది. పగుళ్ళు వచ్చిన బ్లేడును వెల్డింగ్ చేసి వాడరాదు.

1983 నాటి ప్రమాదకర యంత్రాల (నియంత్రణ) చట్టం నూర్పిడి యంత్రాలను పేర్కొంటూ, ఇతర గ్రామీణ యంత్రాలను నోటిఫికేషన్ ద్వారా చేర్చే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. దక్షిణాది రాష్ట్రాల రైతులకు, యంత్ర చోదకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది.